నాలుగో నంబరు సీటు దెయ్యం

ఆ రికార్డుల ఆఫీసులో నకళ్ళ సెక్షన్ మాట వస్తే చాలు, తెలిసినవాళ్ళు గొంతు తగ్గించి ఒకటే అడుగుతారు. నాలుగో నంబరు సీటు... ఇంకా అక్కడే ఉందా?

ఉంది. కిటికీ పక్కన, ఇనప బీరువాకి ఆనుకుని, ట్యూబులైటు వెలుగు సరిగ్గా అందని మూలన ఉంది. పగలు పన్నెండింటికి కూడా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. గొడుగులు ఆరేసుకుంటారు, క్యారియర్లు పెట్టుకుంటారు, అంతే.

అది పెద్ద టైపిస్టు గారి సీటు. ముప్పై నాలుగేళ్ళు ఆ మూలే కూర్చుని, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ దస్తావేజులకి నకళ్ళు కొట్టి కొట్టి రిటైరయ్యాడు మహానుభావుడు. ఆ నెలలోనే పోయాడు. ఇంట్లో, తన మంచం మీద, కూతురు కప్పిన దుప్పటి కింద, నిద్రలో హాయిగా పోయాడు.

కానీ ఒక పెద్ద టైపిస్టు ఇంత చప్పగా పోతే సెక్షన్ పరువేం కాను? ఏడాది తిరిగేసరికి ఆయన ఆఫీసులోనే, కీబోర్డు మీద తల వాల్చి పోయాడు. రెండో ఏడాదికి — తల వాలినా వేళ్ళు మాత్రం ఆగలేదు. మూడో ఏడాదికి ఆ వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

ఎందుకంటే... ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు కొట్టేది ఒకటి, తెర మీద పడేది ఒకటి.

బాగానే కొడుతుంటారు. ఉన్నట్టుండి, ఎవరో పక్కకి తోసి కూర్చున్నట్టు, అక్షరాలు మారిపోతాయి. తెలుగే, కానీ ఏ తెలుగువాడూ చదవలేని తెలుగు. మొదట చూసినవాడు అందులో 'పో' అని కనబడిందన్నాడు. మధ్యాహ్నానికి అది 'లేచి పో' అయింది. సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి 'లేచి పో, ఇది నా సీటు' అని పూర్తి వాక్యమైంది, చివర సంతకంతో సహా.

ఆఫీసు మాత్రం చేతులు కట్టుకు కూర్చుందా? ఫైలు తెరిచారు. మిషను డాక్టరు అని పిలుచుకునే కంప్యూటర్ల మనిషిని పిలిపించారు. మౌస్ మార్చారు, తెర మార్చారు, కుర్చీ మార్చారు, ఆఖరికి వెనక గోడకి రంగు కూడా మార్చారు. మిషను డాక్టరు వచ్చి కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టగానే అంతా సరిగ్గా ఉండేది. ఆయన వెళ్ళాక, ఎవరో ఒకరు బిక్కుబిక్కుమంటూ కూర్చోగానే మళ్ళీ మొదలు. చివరికి ఒక సర్క్యులర్ పంపారు: నాలుగో నంబరు సీటు వద్ద సిబ్బంది ఎవరూ ఒంటరిగా ఉండరాదు. తోడు వెళ్ళడానికి కూడా ఎవరూ లేరు కాబట్టి ఆ ఆదేశాన్ని అందరూ తు.చ. తప్పకుండా పాటించారు.

అలాంటి సీటు, టైపు పరీక్షకి ఒక రోజు ముందు, చీటీల్లో టెంపరరీ పాలబడింది.

టెంపరరీ అంటే ఆవిడ పేరు కాదు. తొమ్మిదేళ్ళ క్రితం మూడు నెలల కోసమని టెంపరరీగా తీసుకున్నారు. ఆ మూడు నెలలు ఇంకా పూర్తి కాలేదు. పిలవగా పిలవగా అదే పేరైపోయింది. ఇంటి దగ్గర కూరగాయలమ్మే ఆవిడ కూడా, ఏం టెంపరరీ, ఇవాళ ఆలస్యమైందే అంటుంది.

ఆ ఏడు ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు వచ్చింది. నలుగురు పోటీ. పది నిమిషాల్లో ఒక దస్తావేజు పేజీ కొట్టాలి, అయిదు తప్పులు దాటకూడదు. పాసైతే పర్మనెంటు. తప్పితే — వచ్చే ఏటికి ఆవిడకి వయసు దాటిపోతుంది, పైగా టెంపరరీ వాళ్ళందరినీ ఒకటో తారీకు నుంచి మానిపించేస్తామని కాగితం కూడా వచ్చేసింది. అంటే ఇదే ఆఖరు.

నాలుగో నంబరు చీటీ విప్పగానే మిగతా ముగ్గురి మొహాలూ జాలితో వెలిగిపోయాయి. ఆ సీట్లో కూర్చుని పరీక్ష రాసినవాళ్ళు ఇప్పటికి ముగ్గురు. ముగ్గురూ పోయారు. పోవడమంటే చావడం కాదు, తప్పారు. ఆ ఆఫీసులో రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఆ ముగ్గురిలో ఆఖరివాడు ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపులో ఉంటున్నాడు. రైలు అనేవారు అతన్ని. అతను టైపు కొడుతుంటే వంతెన మీద రైలు పోతున్నట్టు ఉండేది. ఆ రోజు మధ్యాహ్నం ప్రాక్టీసు పేజీలు జిరాక్సు తీయించుకోవడానికి వెళ్ళి, టెంపరరీ తన సీటు సంగతి చెప్పింది. అతను కాగితాలు సర్దుతూ సర్దుతూ ఆగిపోయాడు. తన ఎడమ చెయ్యి చిటికెన వేలు చూపించాడు. దానికి గుడ్డ చుట్టి ఉంది.

"ఆ రోజు నుంచీ ఈ వేలు నా మాట వినట్లేదక్కా," అన్నాడు మెల్లిగా. "మళ్ళీ కీబోర్డు ముట్టుకోలేదు. ఆయన ఇందులోంచే లోపలికొచ్చాడు."

ఇంకేముంది, ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికి ఫోన్ చేసి అత్తగారికి చెప్పుకుంది, ఆలస్యమవుతుందని, కాస్సేపు ఆ సీట్లోనే ప్రాక్టీసు చేసి భయం పోగొట్టుకుంటానని. అత్తగారు అట్నుంచి నింపాదిగా, పదహారేళ్ళు నాతో వేగావు, ఆ దెయ్యం నీకో లెక్కా, పని చూసుకుని రా అంది. ధైర్యమో, వెటకారమో తెలియలేదు. కానీ ఫోన్ పెట్టేశాక టెంపరరీకి కాస్త ఊపిరాడింది.

ఆరున్నరకే చీకటి పడింది. అందరూ వెళ్ళిపోయారు. వాచ్‌మన్ బాబాయి తాళాలు పట్టుకొచ్చి, ఎనిమిదింటి దాకా టైమిచ్చాడు. నీకేం భయం లేదమ్మాయ్, నేను ఇక్కడే ఉంటా అన్నాడు. ఇక్కడ అంటే వరండా ఆ చివర, గేటు బయట, రోడ్డుకి అవతల అని ఆవిడకి తర్వాత తెలిసింది.

లోపల ఒక్క లైటు. బీరువా మీద గుడ్డ కప్పిన పాత టైపు మిషను. కిటికీ అద్దంలో తన మొహమే తనకి వేరే ఎవరిదోలా కనిపించింది. కుర్చీ లాగింది. కిర్రుమంది. కూర్చుంది.

దస్తావేజు పేజీ పెట్టుకుని మొదలుపెట్టింది. పై ఆస్తికి హద్దులు. తూర్పు — మునిసిపాలిటీ రోడ్డు. పడమర — పొరుగువారి ప్రహరీ. ఉత్తరం — ఉమ్మడి దారి...

బాగానే పడుతున్నాయి. ఒక్కో హద్దు దాటుతుంటే వేళ్ళకి ధైర్యం వస్తోంది.

ఇక దక్షిణం. అసలే యముడి దిక్కు. 'ద', 'క' పడ్డాయి. వత్తు దగ్గర షిఫ్ట్ మీదకి చిటికెన వేలు చాపింది... సరిగ్గా అప్పుడే వెనక బీరువా తలుపు టక్కుమంది.

వేలు గట్టిగా అదిమింది. ఉలిక్కిపడి వదిలేసింది. కళ్ళు మూసుకుని, మిగతా లైనంతా కొట్టేసింది. కళ్ళు తెరిచింది.

తెర మీద... దక్షిణం లేదు.

'దకఱొ జ్ఝగీ చౌఁట ళూ పోఖె' అని ఉంది.

బాబాయ్ అని పిలిచింది, ఎవరూ పలకలేదు. మాటిమాటికీ ఆ 'పో' దగ్గరే కళ్ళు ఆగిపోతున్నాయి. నిజంగానే ఉంది. పో అంటున్నాడు. తొమ్మిదేళ్ళయింది, ఇంక పో అంటున్నాడు.

అక్కడ ఆవిడకి ఏడుపొచ్చింది. భయానికి కాదు, ఉక్రోషానికి. బతికున్నవాళ్ళు పొమ్మన్నది చాలక చచ్చినవాళ్ళు కూడానా? ఆ కోపంలో ఒక మీట మీద వేలు పెట్టి ఠపీమని కొట్టింది. 'ళ' పడింది. మళ్ళీ కొట్టింది. 'ళ'. పదిసార్లు కొట్టింది. పది 'ళ'లు, వరసగా.

ఆవిడ ఏడుపు ఆగింది.

పక్క మీట కొట్టింది. 'చ'. మళ్ళీ కొట్టింది. మళ్ళీ 'చ' నే. ఒక్కసారి కూడా మాట తప్పలేదు. ఈ ఆఫీసులో రూలు ప్రకారం ఇంత నిక్కచ్చిగా పని చేసేవాళ్ళని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. దెయ్యానికి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది?

పెన్సిలు తీసింది. ఒక్కో మీటా కొట్టి, ఏ అక్షరం పడుతోందో కాగితం మీద రాసుకుంటూ పోయింది. ఒక వరస అయ్యేసరికి ఎక్కడో చూసినట్టనిపించింది. లేచి, స్టూలెక్కి, బీరువా మీది టైపు మిషను గుడ్డ తీసి చూసింది.

మీటల మీద అవే అక్షరాలు. అదే వరస. ఒక్కటి కూడా తేడా లేదు.

తర్వాత ఎంతో సేపు పట్టలేదు. తెర కింద, గడియారం పక్కన, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కితే రెండు పేర్లు వచ్చాయి. కొత్త కీబోర్డు ఒకటి, పాత టైపు మిషను కీబోర్డు ఒకటి. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే, ఒక దాన్నుంచి రెండో దానికి మారడానికి షార్ట్‌కట్ కూడా రాసి ఉంది: కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కి వదలాలి.

ఇంతే సంగతి. యాభై ఆరేళ్ళ వయసులో టైపు మిషను తీసేసి కంప్యూటర్ ఇస్తే, పాపం పెద్ద టైపిస్టు కొత్త అక్షరాల వరస ఏం నేర్చుకుంటాడు? తన పాత వరసని తన కంప్యూటర్లో పెట్టించుకున్నాడు. మిగతా మూడింట్లో అది లేదు. కంట్రోల్ మీట సరిగ్గా షిఫ్ట్ కిందే ఉంటుంది. ధైర్యంగా కొట్టేవాళ్ళ వేలు షిఫ్ట్ మీదే ఆగుతుంది. భయపడ్డవాళ్ళ వేలు జారి రెండింటినీ కలిపి అదిమి, ఉలిక్కిపడి వదిలేస్తుంది. దెయ్యం ఉందని వణికినవాళ్ళకే దెయ్యం వచ్చేది. ఆపి మళ్ళీ పెడితే కొత్త వరసే వస్తుంది కాబట్టి దొరికేది కాదు.

ఆవిడకి నవ్వొచ్చింది. ఒక్కతీ, ఆ చీకటి గదిలో, పగలబడి నవ్వింది. పాత వరస మీద బాణం గుర్తు పెట్టి, 'తీసివేయి' మీద నొక్కబోయింది.

"వద్దు... దాన్ని తియ్యకు."

చెవి వెనకే వినిపించినట్టయింది.

వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర చీకట్లో, చేతిలో ఏదో పట్టుకుని, ఒక మనిషి. అడుగు ముందుకేస్తే లైటు మొహం మీద పడింది. సూపరింటెండెంటు గారు. చేతిలో ఉన్నది మర్చిపోయి వెళ్ళిన క్యారియరు.

ఆవిడ నిలబడి, గబగబా అంతా చెప్పింది. సార్, దెయ్యం లేదు సార్, రెండు మీటలు సార్ అంది. ఆయన మొహంలో ఆశ్చర్యం వస్తుందని చూసింది. రాలేదు. వచ్చి, బల్ల మీద క్యారియరు పెట్టి, చుట్టూ ఒకసారి చూశాడు.

"తెలుసమ్మా," అన్నాడు గుసగుసగా. "మూడేళ్ళ క్రితమే మిషను డాక్టరు చెప్పాడు."

ఆవిడకి ఒక క్షణం అర్థం కాలేదు.

అప్పటికే ఇద్దరు తప్పారట. తప్పు కీబోర్డు సెట్టింగుదని ఒప్పుకుంటే ఆ రెండు పరీక్షలూ మళ్ళీ పెట్టాలి. ఎందుకు చూసుకోలేదని పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. రిటైర్మెంటు దగ్గర పడుతున్న వయసు ఆయనది. అందుకని మిషను డాక్టర్ని నోరు మెదపొద్దన్నాడు. ఇవన్నీ ఆయన ఇంటి విషయాలు చెప్పుకున్నంత మామూలుగా చెప్పాడు.

"దెయ్యం అయితే ఎవరికీ నష్టం లేదు," అన్నాడు. "దెయ్యం మీద ఎవరూ అప్పీలు చెయ్యరమ్మా."

మూడేళ్ళ క్రితం తెలుసు. రైలు పరీక్ష తప్పింది రెండేళ్ళ క్రితం. ఆవిడ మనసులో లెక్క దానంతటదే పడింది.

ఆయన ఇంకా మెల్లిగా, రేపు షిఫ్ట్ మీద వేలు తేలిగ్గా పెట్టు, పాసవుతావు, పోస్టు నీదే, ఈ సంగతి మాత్రం ఇక్కడే వదిలెయ్ అన్నాడు. ఆవిడ తలూపింది. ఊపకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. తొమ్మిదేళ్ళ నుంచి తలూపడమే కదా ఆవిడ చేసిన అసలు ఉద్యోగం.

పరీక్షలో రెండే తప్పులు. ఫలితం చెప్పారు. ఎవరూ అభినందించలేదు. దెయ్యాన్ని లొంగదీసుకున్న మనిషికి ఎలా అభినందనలు చెప్పాలో ఎవరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి ఆవిడ వరండాలో నడుస్తుంటే జనం గోడకి అంటుకుని దారిచ్చారు. ప్రింటరు ఇరుక్కుంటే ఒక్కసారి చెయ్యి పెట్టమని వచ్చి బతిమాలారు. పర్మనెంటు చేసినందుకు ఆ నాలుగో నంబరు సీటునే ఆవిడకి శాశ్వతంగా ఇచ్చారు. పేరు మాత్రం టెంపరరీయే, అదింక మారదు.

ఆర్డరు చేతికొచ్చింది. అందులో ఒక లైను: ఏడాది లోపు కారణం చూపకుండానే తొలగించవచ్చు. అత్తగారు ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, పర్మనెంటు అంటే ఇంతేనా అంది. ఇంతే అంది కోడలు.

దాన్ని జిరాక్సు తీయించాలి. నలభై రోజులు తప్పించుకు తిరిగి, ఒక సాయంత్రం ఇక తప్పక వెళ్ళింది. రైలు కాగితం చూసి, మొహమంతా నవ్వు చేసుకుని, మనస్ఫూర్తిగా సంతోషించాడు. అదే ఆవిడని చంపేసింది. చిటికెన వేలికి గుడ్డ అలాగే ఉంది. నరాల డాక్టరు ఆపరేషన్ చేద్దామన్నాడట, వచ్చే వారం అట.

"నువ్వు ఆయన్ని ఎలా పంపావక్కా?" అన్నాడు. "నాకూ చెప్పు. ఈ వేల్లోంచి కూడా పంపించెయ్యి."

ఆవిడ బ్యాగు గట్టిగా పట్టుకుంది. ఇంటికి పోదాం అనుకుంది. అడుగు బయటికి కూడా వేసింది. తర్వాత వెనక్కి వచ్చి, కౌంటరు తలుపు తోసుకుని లోపలికెళ్ళి, అతని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆఫీసులోని పాత వరసే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని నెల రోజులైంది. ఎందుకు తెచ్చుకుందో తనకే తెలియదు. అది ఆ కంప్యూటర్లోకి ఎక్కించింది.

"కూర్చో. దక్షిణం అని కొట్టు," అంది.

అతను గుడ్డ విప్పాడు. కొట్టాడు. దక్షిణం పడింది. ఆవిడ అతని చిటికెన వేలు పట్టుకుని కంట్రోల్ మీదకీ షిఫ్ట్ మీదకీ కలిపి వంచి, వదిలింది.

"ఇప్పుడు కొట్టు."

కొట్టాడు. తెర మీద చదవలేని తెలుగు పడింది. అతను తెల్లబోయాడు. ఆవిడ మళ్ళీ అవే రెండు మీటలు నొక్కి వదిలి, కొట్టమంది. దక్షిణం వచ్చింది. మళ్ళీ నొక్కింది, పోయింది. మళ్ళీ నొక్కింది, వచ్చింది. నాలుగైదు సార్లు దెయ్యాన్ని అలా పిలిచి పంపించింది.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"నీకెప్పుడు తెలిసింది?"

"పరీక్ష ముందు రోజు సాయంత్రం." ఆవిడ తలెత్తలేదు. "సూపరింటెండెంటు గారికి నీ పరీక్షకి ఏడాది ముందు."

అతను తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది ఆవిడకి. ఆ వేలు వంక చూసుకుంటూ, మడిచాడు, చాపాడు, మడిచాడు. రెండేళ్ళ నుంచి మందులు మింగిన వేలు. తర్వాత కీబోర్డు దగ్గరికి లాక్కుని, మొదలుపెట్టాడు. ముందు నెమ్మదిగా, తర్వాత గబగబా, ఆ తర్వాత వంతెన మీద రైలు. ఒక పేజీ ప్రింటు తీశాడు. కింద సాక్షి అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు. సంతకం పెట్టమని అడగలేదు. ఆవిడ చేతిలో ఏం కాగితం ఉందో, అందులో ఏ లైను ఉందో అతనూ చదివాడు కదా.

ఆవిడ పెన్ను కోసం బ్యాగులో వెతుక్కుంది.

మర్నాడు పొద్దున్న టపాలో ఆ కాగితం సూపరింటెండెంటు గారి బల్ల మీదకి వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మామూలు అప్పీలే అనుకుని, టీ తాగుతూ చదవడం మొదలుపెట్టాడు. టీ గ్లాసు మధ్యలోనే ఆగిపోయింది. ఎదుటి పార్టీ పేరు రాయాల్సిన చోట ఇలా ఉంది:

'నాలుగో నంబరు సీటు దెయ్యం, కేరాఫ్ సూపరింటెండెంటు, నకళ్ళ సెక్షన్.'

దాని కింద, పైవాళ్ళకి కూడా ఒక ప్రతి పంపినట్టు తారీకుతో సహా ఉంది. ఇంకా కింద సాక్షి సంతకం. ఆయన మెల్లిగా తలెత్తి, మూల వైపు చూశాడు.

టెంపరరీ తన సీట్లో కూర్చుని దస్తావేజు కొట్టుకుంటోంది. దక్షిణపు హద్దు దాకా వచ్చింది.